గూడ్సు వ్యాగను నమూనాకు బోగీలు, కప్లింగులు మార్చు విధము

పాఠశాలలో రైలుబొమ్మలతో పని యేమి అని తల్లిదండ్రులు కొందరు మమ్ము అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. చదువుకొనుటకు పంపిన బిడ్డ సాయంకాలము చిన్న వ్యాగను నొకదానిని చేతబట్టుకొని యింటికి వచ్చి, దాని చక్రములు ఊడదీసి చాపమీద పరచుకొని కూర్చుండినచో, తల్లికి సందేహము కలుగుట సహజము. వస్తువు బొమ్మయే యైనను ఆ పని ఆట కాదనియు, అందు గణితము, యంత్రశాస్త్రము, చేతినేర్పు కలసియున్నవనియు చూపుటకే యీ పాఠమును వ్రాయుచున్నాము. పిల్లలు ఇంటివద్ద ఈ పని చేయునపుడు పెద్దలు ప్రక్కన గూర్చుండి సాయపడుటకు తగినంత వివరము ఇందు పొందుపరచితిమి.

మా విజ్ఞాన సంఘమునందున్న నమూనా వ్యాగనులలో పెక్కు విదేశములందున్న బంధువులు పంపిన పాతవి. వాని పెట్టెలు నేటికిని గట్టిగనే యున్నవి. చక్రములు మాత్రము అరిగినవి. కప్లింగులు ఒకదానితో నొకటి కలియవు. పెట్టె బాగున్నపుడు వ్యాగనును పారవేయ నవసరము లేదు. క్రింది బోగీలను, కొనలందలి కప్లింగులను మార్చినచో అది తక్కిన బండితో కలసి నడుచును. ఆ మార్పు చేయు విధమే నేటి పాఠము.

1. రాయచూరు పట్టాలు చెప్పు మాట

పని మొదలిడక పూర్వము మన యూరి స్టేషను చరిత్రను కొంచెము జ్ఞప్తికి దెచ్చుకొందము. బొంబాయి నుండి పూనా, షోలాపురముల మీదుగా గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే వారు వేసిన మార్గమును, మద్రాసు నుండి మద్రాసు రైల్వే వారు వేసిన మార్గమును 1871లో రాయచూరునందే కలిసినవి. కంపెనీలు రెండు, యజమానులు వేరు, మొదలిడిన రేవులు వేరు. అయినను రెండు మార్గముల పట్టాల నడుమ వెడల్పు ఒక్కటే, 5 అడుగుల 6 అంగుళములు, అనగా 1676 మిల్లీమీటర్లు. కావున పట్టాలు కలిసిన చోట సరకు దింపి మరల నెక్కించు నగత్యము లేకపోయెను.

గుంతకల్లు కథ వేరు. అచట బ్రాడ్‌గేజి మార్గమునకు మీటరుగేజి మార్గములు వచ్చి కలిసినవి. గేజి మార్పు జరుగువరకును ఒక గేజి వ్యాగను నుండి మరియొక గేజి వ్యాగనునకు సరకును కూలీలచే మార్పించవలసి యుండెను. దూరము తక్కువయే, శ్రమ మాత్రము ఎక్కువ. ఈ రెండు స్టేషనులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో పిల్లలకు ఒక సంగతి తేటపడును: ఉమ్మడి కొలత యున్నచోట కలయిక సులభము, అది లేనిచోట ఎంత మంచి వ్యాగనైనను అచటనే నిలిచిపోవలసినదే. నమూనా వ్యాగనుల విషయమునను ఇదియే సూత్రము.

2. బోగీ యనగా నేమి?

మొదట ఒక మాటను సరిచేసికొనవలెను. వాడుకలో మనము బోగీ యనునది ప్రయాణికులు కూర్చుండు పెట్టెను. "మా బోగీ ఇంజనుకు దగ్గర" అని చెప్పుదుము. వర్క్‌షాపులోని పనివారు బోగీ యనునది వేరు. పెట్టె క్రింద నుండు చక్రముల చట్రమునకే వారు బోగీ యని పేరిడినారు. నాలుగు చక్రములు, రెండు ఇరుసులు, వానిని పట్టియుంచు చట్రము, బరువును మోయు స్ప్రింగులు, ఇవి యన్నియు కలిసి ఒక బోగీ. పొడవైన వ్యాగనునకు ముందొకటి, వెనుకొకటి చొప్పున రెండు బోగీలుండును. పెట్టె వాని మీద కూర్చుండును. మలుపు వచ్చినపుడు బోగీ తన మధ్యనున్న కేంద్రముపై తిరుగును. అందువలననే పొడవైన వ్యాగను వంపు పట్టాలపై నడువగలుగుచున్నది. ఈ పాఠములో బోగీ యన్నచోట నెల్ల ఈ చక్రముల చట్రమే యని గ్రహింపవలెను.

శక్తినగరములోని రాయచూరు థర్మల్ విద్యుత్కేంద్రమునకు సింగరేణి మొదలగు గనుల నుండి బొగ్గు రైలుమార్గముననే వచ్చుచున్నది. బొగ్గు మోయు ఎత్తైన నిలువు గోడల వ్యాగనులను మన పిల్లలు ఎరుగుదురు. ఆ జాతిలో ప్రసిద్ధమైనది బాక్స్-ఎన్ అను వ్యాగను. ఇది 1980 దశకము నుండి విరివిగా వాడుకలోనికి వచ్చినది. దాని మూలనిర్మాణపు లెక్కలివి: ఖాళీ వ్యాగను బరువు 22.47 టన్నులు, మోయదగిన సరకు 58.81 టన్నులు, మొత్తము 81.28 టన్నులు. ఇరుసులు నాలుగు గనుక ఒక్కొక్క ఇరుసుపై పడు భారము 20.32 టన్నులు. తరువాతి కాలమున రైల్వేవారు కొన్ని మార్గములందు ఇంతకంటె నెక్కువ సరకు నింపుటకు అనుమతించిరి. కూడిక, భాగహారములకు ఇంతకంటె మంచి లెక్క వేరే వెదుక నక్కరలేదు.

ఈ వ్యాగను క్రింద నుండు బోగీకి కాస్‌నబ్ అని పేరు. దానిలో ముఖ్యముగా పోత ఉక్కు భాగములు మూడు: ప్రక్కల చట్రములు రెండు, వాని నడుమ అడ్డముగా నుండు బోల్‌స్టరు అను దూలము ఒకటి. పెట్టె బరువు దూలముపై పడును. దూలము స్ప్రింగులపై నిలుచును. స్ప్రింగులు ప్రక్కచట్రములపై కూర్చుండును. చట్రములు ఇరుసుల మీద మోపబడును. బండి ఊగుటను తగ్గించుటకు స్ప్రింగుల చెంత రాపిడి కలిగించు ఆపులుండును. నమూనా బోగీలో ఈ రూపమంతయు వ్రేలెడంత స్థలములో ఇమిడియుండును. పిల్లవాడు దానిని విడదీసి మరల బిగించినచో బరువు ఏ దారిన నేలకు చేరుచున్నదో కంటితో చూచినవాడగును.

3. కప్లింగు కథ

తొలినాళ్ల మన వ్యాగనులకు కొనలయందు ఇరువైపుల బఫర్లును, నడుమ కొక్కెము, మరతో బిగించు గొలుసును ఉండెడివి. రెండు వ్యాగనులను కలుపుటకు ఒక మనిషి బఫర్ల నడుమ దూరి, బరువైన గొలుసు నెత్తి కొక్కెమునకు తగిలించి, మరను త్రిప్పి బిగించవలెను. ఆ సమయమున వ్యాగను కొంచెము కదలినను ప్రాణాపాయము. అమెరికా దేశమునందును పూర్వము లంకె, సీల అను పద్ధతి యుండి, అనేకులు వ్రేళ్లను, చేతులను, ప్రాణములను కోల్పోయిరి.

ఈ యాపదను తొలగించుటకు ఈలై జానీ అను నతడు 1873లో ఒక కప్లరునకు పేటెంటు పొందెను. మనము కుడిచేతి వ్రేళ్లను వంచి, ఎడమచేతి వ్రేళ్లను అట్లే వంచి, ఒకదానిలో నొకటి తగిలించి లాగినచో ఎట్లు పట్టు కుదురునో, ఆ కప్లరు పట్టు అట్టిదే. వంగిన వ్రేలి కణుపు వంటి భాగమునకు నకిల్ అని పేరు. వ్యాగనులు మెల్లగా తాకినంతనే నకిల్‌లు మూతపడి తాళము పడును. విప్పుటకు ప్రక్కన నున్న పిడి నెత్తినచో చాలును, నడుమకు పోనక్కరలేదు. 1893లో అమెరికా ప్రభుత్వము తాకినంతనే కలియు కప్లర్లను తప్పనిసరి చేయుచు చట్టము చేసెను.

మన రైల్వేలు 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున క్రమక్రమముగా గూడ్సు వ్యాగనులకు ఇదే జాతి కప్లరును అమర్చినవి. దీనిని మనవారు సెంటర్ బఫర్ కప్లరు అందురు. లాగుటకును త్రోయుటకును నడుమ నున్న ఈ ఒక్క సాధనమే చాలును గనుక ప్రక్క బఫర్లతో పనిలేదు. పాత వ్యాగనులు, క్రొత్త వ్యాగనులు కలసి నడచిన మధ్యకాలమున రెండువిధముల కప్లింగులు గల ట్రాన్సిషన్ కప్లర్లను వాడిరి. నకిల్ కప్లరు గల వ్యాగనుకే గొలుసు కప్లింగును, ప్రక్క బఫర్లును కూడ ఉండెడివి. అది క్రొత్త దానితోను కలియును, పాత దానిని విడువదు. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొందురు గాక. చివర మరల చెప్పెదము.

4. నమూనా లెక్క

పాత నమూనాలలో మాకు లభించినవి ఎక్కువగా హెచ్.ఓ. అను ప్రమాణమునకు చెందినవి. దీని యందు అసలు వస్తువులోని 87 మిల్లీమీటర్లు నమూనాలో ఒక మిల్లీమీటరగును. కావున అసలు కొలతను 87 చే భాగించవలెను. బాక్స్-ఎన్ వ్యాగను లెక్క ఇట్లుండును:

కప్లర్ల కొన నుండి కొన వరకు పొడవు: 10,713 మి.మీ. నమూనాలో 123 మి.మీ.
రెండు బోగీల కేంద్రముల నడుమ దూరము: 6,524 మి.మీ. నమూనాలో 75 మి.మీ.
ఒక బోగీలోని రెండు ఇరుసుల నడుమ దూరము: 2,000 మి.మీ. నమూనాలో 23 మి.మీ.
క్రొత్త చక్రపు వ్యాసము: 1,000 మి.మీ. నమూనాలో 11.5 మి.మీ.
పట్టాల నడుమ వెడల్పు: 1,676 మి.మీ. నమూనాలో 19.3 మి.మీ.

చివరి లెక్క యొద్ద పిల్లలు ఆగుదురు. ఏలయన, అంగడిలో దొరకు హెచ్.ఓ. పట్టాల వెడల్పు 16.5 మి.మీ. మాత్రమే. దీనిని 87 చే హెచ్చించినచో 1,435 మి.మీ. వచ్చును. అది అమెరికా, ఐరోపా దేశములందు ఎక్కువగా వాడు గేజి. మన బ్రాడ్‌గేజి కాదు. మన వ్యాగనును ఖచ్చితముగా చేయదలచినచో పట్టాలు, చక్రములు అన్నియు మనమే చేసికొనవలెను. అందరితో కలసి నడువదలచినచో 16.5 మి.మీ. పట్టాలకు ఒప్పుకొనవలెను. మేము రెండవ దారిని ఎంచుకొంటిమి. అయితే ప్రదర్శన యందు వ్యాగను ప్రక్కన నొక చీటీ నుంచి, "మన బ్రాడ్‌గేజి ఈ ప్రమాణమున 19.3 మి.మీ. ఉండవలెను; ఇచట 16.5 మి.మీ. వాడితిమి" అని పిల్లలచే వ్రాయించుదుము. సర్దుబాటు చేసికొనుట తప్పు కాదు. సర్దుబాటును దాచుట తప్పు.

5. కావలసిన సామగ్రి

చిన్న స్క్రూడ్రైవరులు రెండు, పట్టకారు, సన్నని ఆకురాయి, వెర్నియర్ కాలిపర్సు లేక మంచి కొలబద్ద, పల్చని ఫైబరు వాషర్లు, గ్రాఫైటు పొడి, చిన్న త్రాసు, విడిభాగములు దొరలిపోకుండ పరచుటకు తెల్లని గుడ్డ. నమూనా బోగీలు రెండు, లోహపు చక్రములు గలవైనచో మేలు. నకిల్ కప్లర్లు రెండు, వాని పెట్టెలతో సహా. అమెరికాలో ఎడ్వర్డ్స్ సోదరులు కీత్, డేల్ అనువారు స్థాపించిన సంస్థ కప్లర్లు ఈ పనికి ప్రసిద్ధములు. వారి పేర్ల మొదటి అక్షరములు కలిపి సంస్థకు కేడీ అని పేరిడిరి. మన తెలుగున ఆ మాటకు గల అర్థమును తలచి పిల్లలు నవ్వుకొందురు. నవ్వుతో నేర్చినది మరువరు.

6. బోగీలు మార్చుట

మొదట వ్యాగనును గుడ్డపై తలక్రిందుగా నుంచవలెను. పాత బోగీ నడుమనున్న స్క్రూను విప్పి బోగీని తీయవలెను. కొన్ని నమూనాలలో స్క్రూకు బదులు నొక్కి దిగవేసిన ప్లాస్టిక్ మేకు ఉండును. దానిని మెల్లగా పైకి పెకలించవలెను. ఏ ముక్క ఎచట నుండి వచ్చెనో కాగితముపై బొమ్మ గీసి వ్రాసికొనుట మంచిది.

పాత ప్లాస్టిక్ చక్రములను పరీక్షించిన నల్లని జిగట మురికి అంటుకొని యుండుట కనబడును. అది చక్రమును ఎగుడుదిగుడు చేసి బండిని పట్టాలు తప్పించును. లోహపు చక్రములకు మురికి తక్కువగా పట్టును. ఇరుసు కొనలు సూదివలె నుండి ప్రక్కచట్రములోని చిన్న గుంటలలో నిలుచును. ఎద్దులబండి ఇరుసునకు కందెన వేయుట మన క్యాంపు గ్రామముల పిల్లలకు తెలిసిన పని. ఇచట మాత్రము నూనె వేయరాదు. నూనెకు దుమ్ము అంటుకొని చక్రము బిగియును. చక్రమును వ్రేలితో మీటినచో కొంతసేపు తనంతట తాను తిరుగవలెను.

చక్రములను ఎన్నుకొనునపుడు వ్యాసమును చూడవలెను. అమెరికా గూడ్సు వ్యాగనులకు సాధారణమైన 33 అంగుళముల చక్రము నమూనాలో 9.6 మి.మీ. ఉండును. మన చక్రమో 11.5 మి.మీ. పెద్ద చక్రము వేసినచో వ్యాగను దాదాపు ఒక మిల్లీమీటరు పైకి లేచును. మలుపులో చక్రము పెట్టె అడుగును తాకవచ్చును. తాకిన గుర్తు కనబడినచో బోగీకిని పెట్టెకును నడుమ పల్చని వాషరు నొకదానిని వేయవలెను.

ఇక ముఖ్యమైన సంగతి. రెండు బోగీల స్క్రూలను ఒకే విధముగా బిగించరాదు. ఒక బోగీ స్క్రూను పూర్తిగా బిగించి, తరువాత బోగీ సులభముగా తిరుగునంతవరకు మాత్రమే వెనుకకు వదలవలెను. ఈ బోగీ ప్రక్కలకు ఊగరాదు. రెండవ బోగీ స్క్రూను మరికొంచెము వదలి, అది తిరుగుటయే గాక ప్రక్కలకు కొద్దిగా ఊగునట్లు చేయవలెను. కారణమేమి? నాలుగు కాళ్ల పీట సమముగాని నేలపై ఊగును. ముక్కాలిపీట ఏ నేలపైనను స్థిరముగా నిలుచును. బిగువు బోగీ రెండు ప్రక్కలు రెండు కాళ్లు. వదులు బోగీ మూడవ కాలు. పట్టాలలో ఎత్తుపల్లములున్నను చక్రములన్నియు పట్టాలను అంటియుండును. ఒక్క స్క్రూను అరచుట్టు వదలుటలో ఒక రేఖాగణిత సూత్రమే యిమిడి యున్నది.

7. కప్లింగులు మార్చుట

పాత నమూనాలలో కొన్నింటికి కప్లింగు బోగీకే అంటియుండును. లాగునపుడు దానివలన చిక్కులేదు. వెనుకకు త్రోయునపుడు ఆ బలము బోగీని ప్రక్కకు మెలిపెట్టి పట్టాల నుండి దింపును. అసలు వ్యాగనులో కప్లరు పెట్టె అడుగు చట్రమునకు అమరియుండును, బోగీకి కాదు. నమూనాలోను అట్లే చేయవలెను. బోగీకున్న పాత కప్లింగు కొమ్మును కత్తిరించునపుడు పెద్దలు దగ్గర నుండవలెను.

కప్లరు చిన్న పెట్టెలో కూర్చుండును. పెట్టెలో చిటికెడు గ్రాఫైటు పొడి వేసి, కప్లరును, దాని స్ప్రింగును అమర్చి, మూత వేసి, వ్యాగను కొనకు సరిగా నడిమి గీతపై స్క్రూతో బిగించవలెను. వ్రేలితో ప్రక్కకు త్రోసి విడిచినచో కప్లరు తనంతట నడుమకు రావలెను. రానిచో లోపల ప్లాస్టిక్ ముక్కల నూగు మిగిలియున్నదని అర్థము. ఆకురాయితో నున్నన చేయవలెను.

తరువాత ఎత్తు చూడవలెను. ఈ పాఠమంతటికిని ప్రాణము ఇదియే. ట్రాక్టరునకు ట్రాలీ తగిలించునపుడు ట్రాలీ కొక్కెము ఒక జానెడు ఎత్తుననున్న సీల ఎట్లు దిగదో రైతులెరుగుదురు. మన రైల్వేలయందు పట్టా నుండి కప్లరు నడిమివరకు ఎత్తు ఖాళీ వ్యాగనుకు 1,105 మి.మీ. మించరాదు, నిండిన వ్యాగనుకు 1,030 మి.మీ. తగ్గరాదు. నడుమ అవకాశము 75 మి.మీ. మాత్రమే. బాక్స్-ఎన్ చక్రము క్రొత్తదైనపుడు 1,000 మి.మీ.; అరిగి అరిగి 906 మి.మీ. అయినపుడు దానిని తీసివేయుదురు. వ్యాసము 94 మి.మీ. తగ్గినచో వ్యాగను 47 మి.మీ. క్రుంగును గదా! అందుకే వర్క్‌షాపులలో ప్యాకింగు పలకలు వేసి ఎత్తును సరిచేయుదురు. విజయవాడ చెంత రాయనపాడు వద్దనున్న గుంటుపల్లి వ్యాగను వర్క్‌షాపు వంటి చోట్ల వ్యాగనులకు జరుగు పెద్ద మరమ్మతులలో చక్రములు, బోగీలు, కప్లర్లు చూచుట ముఖ్యభాగము. మనము వేయు ఫైబరు వాషరు ఆ ప్యాకింగు పలకకు తమ్ముడు వంటిది.

నమూనాలో ఎత్తు ఎంత యుండవలెను? మన అసలు ఎత్తును 87 చే భాగించిన సుమారు 12 మొదలు 12.7 మి.మీ. వచ్చును. అమెరికాలో 1935లో స్థాపితమైన నమూనా రైల్వేల జాతీయ సంఘమువారి ప్రమాణము అంగుళమున 64 భాగములలో 25, అనగా 9.9 మి.మీ. మా సంఘములోని వ్యాగనులు ఆ ప్రమాణమువి గనుక మేము 9.9 మి.మీ. నే నియమముగా పెట్టుకొంటిమి. ఎత్తు తక్కువైనచో బోగీపై వాషరు వేసి పెంచవచ్చును. ఎక్కువైనచో తల క్రిందికి వంగిన కప్లరును వాడవచ్చును. అట్టపై 9.9 మి.మీ. ఎత్తున గీత గీచి పట్టాపై నిలిపినచో అదియే కొలమానము. ప్రతి వ్యాగనును ఆ అట్టకు ఎదురుగా నిలిపి చూడవలెను. ప్రక్క వ్యాగనుతో పోల్చి సరిపెట్టరాదు. ప్రక్కదే తప్పైనచో ఆ తప్పు బండి పొడవునను పాకును.

కప్లరు క్రింద వ్రేలాడు ఉక్కు తీగ నొకదానిని పిల్లలు గమనింతురు. పట్టాల నడుమ అయస్కాంతము నుంచినచో అది ఆ తీగను ప్రక్కకు లాగి నకిల్‌ను తెరచును. చేయి తగులకుండ వ్యాగనులు విడిపోవును. తీగ కొన పట్టా పైభాగమునకు సుమారు 0.8 మి.మీ. పైన నుండవలెను. ఇరుసులు ఉక్కువైనచో అయస్కాంతము వానిని కూడ లాగును. కావున అయస్కాంతమునకు అంటని ఇరుసులు మేలు.

8. బరువు, పరీక్ష

తేలిక వ్యాగను మలుపులో ఒరిగిపడును. పైని చెప్పిన సంఘమువారి సూత్రమిది: మొదట ఒక ఔన్సు, ఆపై ప్రతి అంగుళము పొడవునకు అర ఔన్సు. మన వ్యాగను 123 మి.మీ., అనగా 4.84 అంగుళములు. దానిలో సగము 2.42, ఒకటి కలిపిన 3.42 ఔన్సులు, ఇంచుమించు 97 గ్రాములు. తక్కువైన బరువును వాషర్లతో నింపి, పైన బొగ్గువలె నల్లని నూక జిగురుతో అంటించవచ్చును. బరువు అడుగుననే, ఇరువైపుల సమముగా నుండవలెను. సీసపు ముక్కలు పిల్లల చేతికి ఈయరాదు; అది విషము.

చివర పరీక్ష. వ్యాగనును బండి నడుమ కలిపి ముందుకు నడుపవలెను. తరువాత వెనుకకు త్రోయవలెను. పిమ్మట వంపుపై త్రోయవలెను. మూడింటను పట్టాలు తప్పనిచో పని ముగిసినట్లే. తప్పినచో తప్పిన చోటును, ఆ చక్రమును గుర్తించి కారణమును పుస్తకమున వ్రాయవలెను. ఊహించి సరిచేయుటకంటె కొలిచి సరిచేయుట మేలు.

9. తల్లిదండ్రులకు మనవి

మొదటి మనవి భద్రతను గూర్చినది. ఈ పాఠము విని పిల్లలకు అసలు వ్యాగను క్రింద నేమున్నదో చూడవలెనను కోరిక పుట్టును. స్టేషను యార్డులోనికి గాని, నిలిచిన గూడ్సు క్రిందికి గాని పోవుటకు వారిని ఎన్నడును విడువరాదు. నిలిచిన వ్యాగను ఎప్పుడు కదలునో తెలియదు. కప్లర్ల నడుమ నిలుచుట వలన పోయిన ప్రాణములే ఆ యంత్రము పుట్టుటకు కారణమని వారికి చెప్పుడు. చూడదలచినచో మైసూరు రైల్వే మ్యూజియమునకు తీసికొనిపోవచ్చును. అది 1979లో తెరువబడినది. నమూనాలు చూడదలచినచో మన రాయచూరు మార్గముననే యున్న పుణెలో జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియము 1998 నుండి కలదు.

రెండవది: ఖర్చు. అన్నియు కొనవలెనను నియమము లేదు. పెట్టెను అట్టతోను, పలుచని చెక్కతోను చేయవచ్చును. కొనవలసినవి చక్రములు, కప్లర్లు మాత్రమే. కొలత కచ్చితముగా నుండవలసినవి అవియే గనుక. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలసి ఒక వ్యాగనుపై పని చేసినను చాలును.

మూడవది మన పాఠశాలకు ప్రత్యేకమైనది. తెలుగు మాధ్యమున చదివిన బిడ్డ రేపు ఐ.టి.ఐ.లోనో, కర్మాగారములోనో చేరినపుడు మాట తెలియక వెనుకబడునేమో యను భయము మీలో పెక్కుమందికి కలదు. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. కాని ఈ పనిలో మేము చూచుచున్నదేమనగా, వస్తువు చేతిలో నున్నపుడు దాని పేరు ఏ భాషలో చెప్పినను బిడ్డ పట్టుకొనును. మనము చక్రమన్న దానిని కన్నడిగుడు గాలి యనును. మొదట విన్న తెలుగు బిడ్డకు అది వీచు గాలియే యనిపించును. చక్రము చేతబట్టి ఒకమారు విన్న పిమ్మట మరల పొరబడడు. బండి, తూకము అను మాటలు రెండు భాషలందును ఒక్కటే. కప్లరు, స్క్రూ, వాషరు అనునవి అందరివి. కావున ప్రతి భాగమునకు తెలుగు పేరు, కన్నడ పేరు, పనివారి పేరు అని మూడు గళ్లు గీయించి పిల్లలచే వ్రాయించుచున్నాము. ఇంటివద్ద మీరును ఆ పట్టికను ఒకమారు వారిచే చదివించి వినుడు. మెకానిక్కు పనిలోనో, వడ్రంగములోనో, రైల్వేలోనో నున్న తండ్రులు మాకు తెలియని మాటలను చేర్చగలరు. అట్టి మాటలు పుస్తకములందు దొరకవు.

పైని ట్రాన్సిషన్ కప్లరును గూర్చి చెప్పితిమి. రెండువిధముల వ్యాగనులతోను కలియగలుగుటకై ఆ వ్యాగను తన పెట్టెను మార్చుకొనలేదు. మోయు సరకును తగ్గించుకొనలేదు. కొనయందు కలయికకు కావలసిన కొలతను మాత్రము చేర్చుకొన్నది. మన పిల్లలనుండి మేము కోరునది ఇంతకు మించినది కాదు. ఇంటి భాషలో నేర్చిన తెలివి వారి పెట్టె. రాష్ట్రభాష, యంత్రభాష వారి కప్లర్లు. పెట్టెను పగులగొట్టి కప్లరు తగిలించువాడు లేడు. కప్లరు లేని పెట్టె సైడింగును విడిచి పోజాలదు.

వచ్చు ప్రదర్శనకు ప్రతి తరగతి ఒక్కొక్క వ్యాగనును సిద్ధపరచవలెనని నిర్ణయించితిమి. అన్నింటి కప్లర్ల ఎత్తు 9.9 మి.మీ. ఉండవలెను. ఏ తరగతి వ్యాగను ఏ తరగతి వ్యాగనుతోనైనను కలియవలెను. బండి అంతయు ఒక్కటిగా వెనుకకు త్రోసినను నిలువవలెను. తల్లిదండ్రులు ఆనాడు వచ్చి, తమ బిడ్డ చేసిన వ్యాగనును మాత్రమే గాక, దాని ముందును వెనుకను కలసిన వ్యాగనులను కూడ చూడవలెనని కోరుచున్నాము.